తువ్వాలు ఊపితే లింకు వచ్చినట్టు

మా లింకాయన పోయారని మొన్న పొద్దున బందరు బస్సు కండక్టరు చెప్పాడు. బందరులో వాళ్ళిద్దరిదీ ఒకే వీధి. అప్పుడు నేను సైకిలుకి గాలి కొడుతున్నాను. పంపు అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

కోడూరులో నా సైకిలు కొట్టు పక్కనే ఏటీఎం ఉంది. గాలివాన వచ్చిందంటే డాబా మీది డిష్షు పక్కకు తిరిగి లింకు పోయేది, మిషను ఆగిపోయేది. బాగుచెయ్యడానికి ఆయన బందరు నుంచి బండి మీద వచ్చేవారు. ఊరందరికీ లింకాయనే. ఆయన నన్ను మావయ్యా అనేవారు.

ఒకసారి రొయ్యల చెరువు రైతొకాయన, "లోపల డబ్బుందిగా, ఇవ్వడానికేం రోగం దీనికి?" అని మిషను మీద ఒక్కటేశాడు.

"కొట్టకండి బాబాయ్. దానికి సొంతంగా ఏం తెలీదు" అన్నారు లింకాయన. "మీ కార్డు చూసి, మీ నంబరు తీసుకుని, ఆ డిష్షులోంచి పైనున్న శాటిలైటు ద్వారా అడుగుతుంది. ఎక్కడో సిటీలో ఉన్న బ్యాంకు పెద్ద కంప్యూటరు మీ ఖాతా చూసి ఇవ్వమంటేనే ఇస్తుంది. జవాబు రాకపోతే అది మాత్రం ఏం చేస్తుంది పాపం?"

డాబా మీదున్న ఆయనకు మిషను తెర కనపడదు. అందుకని నన్ను కింద నిలబెట్టేవారు. డిష్షు కొంచెం కొంచెం తిప్పుతూ, "లింకు వచ్చిందా మావయ్యా?" అని కేకేసేవారు. నలుగురిలో నాకు చిన్నప్పటినుంచీ గొంతు పెగలదండీ. తెర వెలగగానే బయటికొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి ఊపేవాణ్ణి.

"ఒక్కసారి నోరు తెరిచి వచ్చిందనండి. మీ కేక ఎలా ఉంటుందో వినాలి" అని ఏడిపించేవారు. మొదటి మనిషి చేతిలో నోట్లు పడేదాకా కదిలేవారు కాదు. ఆ తర్వాతే టీ.

పోయిన నెల ఆసుపత్రి నుంచి ఫోను చేశారు. గొంతు బాగా నీరసంగా ఉంది.

"లింకు వచ్చిందా మావయ్యా?"

నా చెయ్యి తువ్వాలు మీదికి పోయింది.

"ఊపుతున్నారు కదూ" అని ఆయనే నవ్వారు. దగ్గు తెర వచ్చి ఫోను పెట్టేశారు. వచ్చిందని ఆ ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది?

నిన్న వానకి మిషను మళ్ళీ ఆగింది. కొత్తతను వచ్చి డాబా ఎక్కాడు. ఎవరూ పిలవకపోయినా కింద నిలబడ్డాను. తెర వెలిగింది. రోడ్డు మీదికొచ్చి, తలెత్తి, "వచ్చిందండీ!" అని అరిచాను.

బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. కొత్తతను చెవికి ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. లింకాయన వంగి నా తువ్వాలు చూసే పిట్టగోడ మూల ఖాళీగా ఉంది. తడిసిన డిష్షు నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కిందికి కారుతున్నాయి.