ఎర్ర దారం తర్వాత కుట్టు లేదు

కుట్టుపిన్ని కిటికీ చువ్వకి జానెడు పొడుగు గుడ్డపీలిక ఒకటి కట్టి ఉంటుంది. పాడైపోయిన ఏదో కైట్‌లోంచి, అంటే మనిషిని నీళ్ళ మీద లాక్కుపోయే పెద్ద గాలిపటంలోంచి, కత్తిరించిన ముక్క. గాలికాలం నాలుగు నెలలూ అది గదిలోకి ఎగురుతూ, మిషను ముందు కూర్చున్న ఆవిడ చెవిని తాకుతూ ఉంటుంది. "సముద్రం మీద చాడీలు చెప్తోంది నాకు" అని నవ్వేది.

ఆ రోజు పొద్దున్న పీలిక గదిలోకి రాలేదు. చువ్వల బయటికి పడి, సముద్రం వైపు లాగుతోంది. ఉప్పు వాసనకి బదులు దుమ్ము వాసన. అంటే గాలికాలం అయిపోవచ్చింది, గాలి తిరగబోతోంది. గాలికాలం ఉన్నన్నాళ్ళూ గాలి ఏటవాలుగా ఒడ్డుకి కొడుతుంది. నీళ్ళలో ఎవరు పడినా తెచ్చి ఇసకలో పడేస్తుంది. తిరిగాక అదే గాలి నేల మీంచి లేచి మనిషిని లోపలికి తోసుకుపోతుంది. ఈ రెంటికీ మధ్య రెండు మూడు రోజులు గాలి బలంగా, గజిబిజిగా ఉంటుంది. కైట్ అలవాటైనవాళ్ళందరూ ఏడాదంతా ఎదురుచూసేది ఆ రోజుల కోసమే.

పిన్ని ఒకప్పుడు బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆమె బావ, అంటే అక్క మొగుడు, ఒడ్డున కైట్ నేర్పే బడి పెట్టి ఒకరోజు చిరిగిన కైట్‌ని చంకన పెట్టుకొచ్చాడు.

"మరదలా, దీనికో అతుకు వెయ్యగలవా?"

"ఇంత గుడ్డ ఏ మనిషి వేసుకుంటాడు బావా?"

"మనిషి దీన్ని వేసుకోడు. ఇదే మనిషిని వేసుకుని పోతుంది."

మొదటిదానికి ఆరు సూదులు విరిగాయి. పాత కైట్లని కుట్టు కుట్టూ విప్పి చూసి తనే నేర్చుకుంది. కైట్‌కి ముందంచున మనిషి తొడంత లావున గుడ్డ గొట్టం ఉంటుంది, దాని లోపల గాలి కొట్టిన ట్యూబు. ఆ గొట్టం కుట్టు గట్టిగా ఉన్నంతవరకే కైట్‌కి రూపం. కుట్టు విచ్చుకుంటే ట్యూబు బయటికి ఉబ్బి ఫట్‌మంటుంది. ఆ పైన అది తడిసిన దుప్పటి, అంతే. ఇంకో సంగతి కూడా ఆమె తనంతట తనే కనిపెట్టింది. ఈ గుడ్డ మామూలు గుడ్డలా కాదు, సూది దిగిన రంధ్రం మళ్ళీ పూడదు. ఒకేచోట నాలుగుసార్లు కుడితే తపాలా బిళ్ళల కాగితంలా గీత వెంబడే చిరుగుతుంది.

అందుకని ఒక నియమం పెట్టుకుంది. ఒకచోట మొదటిసారి తెల్ల దారం, రెండోసారి పసుపు, మూడోసారి ఎరుపు. ఎరుపు కూడా తెగితే ఆ కైట్‌ని కత్తెరతో కోసేసి సంచులు కుట్టేది. ఎంత బతిమాలినా వినేది కాదు. "సంచి చిరిగితే ఉల్లిపాయలు పడతాయి నాయనా. ఇది చిరిగితే నువ్వు పడతావు" అనేది. పలకకి తెరచాప కట్టుకుని నీళ్ళ మీద జారే విండ్‌సర్ఫింగ్‌వాళ్ళు కూడా ఆమె దగ్గరికే వచ్చేవారు. పిన్ని కుట్టింది అంటే ఒడ్డున ఇక మాట లేదు.

ఎవరికీ తెలియనిది ఒక్కటే. రెండేళ్ళుగా ఆమె చూపుకి ఆవిరి పట్టిన అద్దంలాంటిదేదో అడ్డం వస్తోంది. గాలికాలం కాగానే చూపించుకుందాం అనుకునేది. గాలికాలం అయ్యాక పనే ఉండదు కాబట్టి కళ్ళతోనూ పనుండేది కాదు. పొద్దున ఎండలో పది సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టుకునేది. రీళ్ళు ఎప్పుడూ ఒకే వరసలో, ఎడమన తెలుపు, కుడిన ఎరుపు. మిగతాదంతా వేళ్ళు చూసుకునేవి. చెప్తే పని పోతుందని భయం. పనికన్నా, ఆ "ఇక మాట లేదు" అన్నది పోతుందని.

ఆ మధ్యాహ్నం కూతురి మంచం కింద ఊడుస్తుంటే చీపురుకి దారం పోగులు తగులుకున్నాయి. తీసి వేళ్ళ మధ్య నలిపింది. పోగులు వంకీలు తిరిగి ఉన్నాయి. రీలు మీంచి తెంపిన దారం నున్నగా ఉంటుంది, కుట్టి విప్పిన దారానికే వంకీలు. గుమ్మంలోకి పోయి ఎండలో కంటికి ఆనించుకుని చూసింది.

ఎరుపు.

కూతురు బడిలో కైట్ నేర్పుతుంది. ముందురోజు ఏడు కైట్లు తెచ్చి పడేసింది, వాటిలో తనకిష్టమైన నారింజ రంగు చిన్నది కూడా ఉంది. గాలి బలంగా ఉన్నప్పుడు చిన్న కైటే కావాలి, బడిలో చిన్నది అదొక్కటే. "దీనికి పసుపు తెగిందమ్మా" అంది. పిన్ని వేలితో తడిమింది. పసుపు వరస పక్కన సన్నగా గరుకు తగిలింది. ఉప్పు పేరుకుందిలే అనుకుని ఎర్ర దారంతో కుట్టేసింది.

ఉప్పు కాదు. తెగిన ఎరుపుని విప్పేసిన సూది రంధ్రాలు. తను వేసింది నాలుగో కుట్టు.

చీపురు అక్కడే పడేసి చెప్పులు కూడా లేకుండా ఒడ్డుకి నడిచింది. గాలి వెనకనుంచి తోస్తోంది. ఇన్నేళ్ళలో గాలికాలంలో ఎప్పుడు సముద్రానికి వెళ్ళినా ఆ గాలి ముఖానికే తగిలేది.

గాలిని బట్టి ఒడ్డున జెండా కట్టే ముసలాయన జెండాకొయ్య కింద కూర్చున్నాడు. ఆమెకన్నా పదేళ్ళు పెద్ద, అయినా పిన్నీ అనే అంటాడు.

"ఏం పిన్నీ, మిషను అలిగిందా? ఎండలోకొచ్చావ్?"

"నా పిల్లేది?"

"నీ కళ్ళెదురుగానే ఉందిగా, నారింజ రంగుది. చూడు ఎలా ఎగురుతోందో!"

ఆమెకి ఒక తెల్లటి వెలుగు, దాని కింద ఒక చప్పుడు, అంతే.

"ఎంత దూరంలో ఉంది?"

"చాలా లోపలికి పోయింది. గాలి తిరుగుతోంది కదా, వచ్చేస్తుందిలే..." అంటూ ఆగాడు.

"ఏమైంది?"

"పడింది."

"రోజూ పడతారు. లేపుతుందిలే. లేచిందా?"

ఆయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. లేచిందా?"

"ముందంచు వాలిపోయింది పిన్నీ. చదునుగా పడుంది నీళ్ళ మీద." తర్వాత లేచి, గొంతు చించుకుని బావ కోసం అరిచాడు.

బావ పడవ తీసేసరికి ఎంతసేపు పట్టిందో పిన్నికి తెలీదు. మోటారు చప్పుడు దూరమైంది. తర్వాత అసలు వినబడలేదు. గాలి ఆ చప్పుణ్ణి కూడా లోపలికే తీసుకుపోయింది. ముసలాయన ఆమె పక్కన నిలబడి అడగకుండానే చెప్తూ వచ్చాడు. పడవ చిన్నదవుతోంది. చుక్కంత అయింది. ఆగింది. ఇంకా ఆగే ఉంది.

"తిరిగింది" అన్నాడు చివరికి. "ఇద్దరున్నారు. కూర్చునే ఉంది, పిన్నీ."

కూతురు పెదవులు నల్లబడి, వణుకుతూ దిగింది. కైట్‌ని తాడుతో కట్టి లాక్కొచ్చారు. ముందంచు ఈ చివరినుంచి ఆ చివరికి గీత గీసినట్టు చిరిగి ఉంది. పిన్ని చెయ్యెత్తింది. కొట్టలేదు. ఆ చెయ్యి పిల్ల తడి తల మీద పెట్టింది.

"ఎందుకు విప్పావే?"

"ఈ రెండు రోజుల గాలేగా అమ్మా. అది సంచైపోతే నేను ఒడ్డున కూర్చోవాలి." పళ్ళు టకటకమంటున్నాయి. "నువ్వు పట్టేస్తావనే అనుకున్నా. రంధ్రాలు కనబడి తిడతావనుకున్నా. నువ్వేమీ అనకుండా కుట్టేశావ్. చూసి కూడా కుట్టావంటే పర్లేదన్నమాటేగా అనుకున్నా."

పిన్ని ముఖం ఆకాశం వైపు ఎత్తింది. తర్వాత అడిగింది.

"పైన ఎన్ని ఉన్నాయి?"

"ఏంటి?"

"కైట్లు. ఎన్ని ఎగురుతున్నాయి?"

కూతురు తలెత్తి లెక్కపెట్టింది. "పదకొండు."

"నేను కుట్టినవెన్ని?"

"అన్నీ నీవే కదమ్మా. ఇక్కడ ఇంకెవరు కుడతారు?"

పిన్ని బావ వైపు తిరిగింది. అసలు అటు వైపు ఉన్నాడో లేడో కూడా చూసుకోలేదు. "ఎర్రజెండా ఎత్తించు బావా. అందర్నీ దింపు."

"మతి పోయిందా? ఏడాదికొక్కసారి వచ్చే గాలి. అమ్మాయి వచ్చేసింది కదా. ఏమని చెప్పి దింపమంటావ్?"

"పిన్నికి కళ్ళు కనబడటం లేదని చెప్పు."

"ఏడిశావ్లే, ఈ టైములో వేళాకోళమేంటి?"

"నువ్వెక్కడ నిలబడ్డావో చెప్పమను, చెప్తాను. గొంతుని బట్టి చెప్తాను. చూసి చెప్పలేను. రెండేళ్ళయింది." ఆమె గొంతు పెద్దదైంది, ఒడ్డున ఉన్నవాళ్ళంతా విన్నారు. "జెండా ఎత్తండి!"

జెండా ఎక్కింది. అదీ సముద్రం వైపే పరుచుకుంది, లోపలున్నవాళ్ళకి అంచు తప్ప ఏమీ కనబడనట్టుగా. బావ మళ్ళీ పడవెక్కి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెయ్యి ఊపాడు. కూతురు లెక్క చెప్తూ ఉంది. తొమ్మిది. ఏడు. నాలుగు. నాలుగు దగ్గర చాలాసేపు ఆగింది. చివరిది దిగేసరికి అందరి నీడలూ పొడుగయ్యాయి.

పదకొండు కైట్లూ ఇసకలో వరసగా పరిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముందంచూ వేలితో తడుముతూ పోయింది. ఈసారి ప్రతి గరుకు దగ్గరా ఆగి, ఉప్పు పోయేలా తడిగుడ్డతో తుడిపించింది. తుడిచాక కూతురు వంగి చూసి చెప్పాలి.

మొదటిది బాగుంది. రెండోది బాగుంది.

మూడోదాని మీద వంగిన కూతురు గుడ్డని మళ్ళీ తుడిచింది.

"చెప్పవే."

"ఎరుపు పక్కన ఇంకో వరస ఉందమ్మా. ఖాళీ రంధ్రాలు."

"ఇది నువ్వు విప్పావా?"

"నేను కాదు. ఒట్టు, నేను కాదమ్మా."

చుట్టూ ఇరవైమంది దాకా ఉన్నారు. ఇసకలో ఎవరో కాళ్ళు కదిపిన చప్పుడు. పిన్ని ఆ చప్పుడు వైపు ఒకసారి తల తిప్పి, ఏమీ అడగకుండా నాలుగోదాని మీద వేలు పెట్టింది.

"తుడువు" అంది.

ఎనిమిదోది అయ్యేసరికి అలాంటివి నాలుగు తేలాయి. ఎరుపు విప్పి తెచ్చినవాళ్ళందరూ ఆవిడ చూస్తుందనే అనుకున్నారు. ఇంకా మూడు మిగిలాయి. వెనకనుంచి గాలి గట్టిగా తోస్తోంది, తడిసిన గుడ్డలన్నీ లేచి సముద్రం వైపు పాకబోతుంటే వాటి మీద రాళ్ళు పెట్టమంది.