బైండు కట్టని సంచికలు

డెబ్బైల్లో విజయవాడలో నాకు చిన్న బైండింగు షాపు ఉండేది. మా అక్కకు వైద్యం చేసే డాక్టరుగారు కిడ్నీ జబ్బుల మీద విదేశాల్లో వెలువడే ఒక పత్రిక తెప్పించుకునేవారు. ఏడాది సంచికలన్నీ కలిపి నాచేత బైండు కట్టించేవారు. ఆ ఏడు ఓడ మీద రావలసిన ఒక సంచిక రాలేదు. మధ్యలో ఒకటి లేకుండా కుట్టకూడదు గనక మిగతావాటిని తాడుతో కట్టి, నేను కూర్చునే చోటికి పైన ఉన్న అరలో పెట్టాను. ఏడు నెలలు అక్కడే ఉన్నాయి.

అందులో మొదటి ఆరు నెలలూ అక్క భవానీపురంలో మా ఇంట్లో మంచం మీద ఉంది. బళ్లో టీచరు. నాన్న పోయాక తన పెళ్లి మాట ఎత్తనివ్వకుండా నన్ను చదివించింది. రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు.

"ఉప్పు మానేయండి. కొత్తగా ఏం పెట్టినా నన్నొకమాట అడగండి" అన్నారు డాక్టరుగారు.

ఉప్పు మానేశాం. కొబ్బరి బొండానికి కూడా ఆయన్ని అడగాలని మాకెవరికీ తోచలేదు. మా వైపు వేడి చేసినా, మూత్రంలో మంట పుట్టినా బొండమే కదా! పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నేనే కొట్టించి తెచ్చేవాణ్ణి.

"వద్దురా, తాగలేను" అనేది అక్క.

"తాగక్కా, లోపలంతా కడిగేస్తుంది" అని గదమాయించేవాణ్ణి. నా మొహం చూసి తాగేది.

ఒక ఆదివారం, అమ్మ చర్చికి బయల్దేరుతుండగా అక్క గుండె ఆగిపోయింది.

నెల తర్వాత ఆ రావలసిన సంచిక వచ్చింది. పాత కట్ట విప్పి పేజీల నంబర్లు సరిచూస్తున్నాను. మా పనిలో అంకెలు చూస్తే చాలు, చదవక్కర్లేదు. ఆ రోజు మాత్రం ఆ పాత కట్టలోని ఒక సంచికలో అక్క జబ్బు పేరు కనబడి ఆగాను. కిడ్నీలు పనిచేయనివాళ్లకు పళ్లరసాలు, కొబ్బరినీళ్లు పట్టకూడదని ఉంది. వాటిలోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోక గుండెను ఆపేయగలదని ఉంది. అక్క నేర్పిన ఇంగ్లీషుతోనే రెండుసార్లు చదివాను. నామీద నాకు అసహ్యం వేసింది.

ఆ సంచిక పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఆ పేజీ చదివారు.

"అప్పటికే బాగా ముదిరిపోయిందయ్యా. ఎక్కువ రోజులు బతికేది కాదు" అన్నారు.

"ఎన్ని రోజులండీ?" అని అడిగాను. ఆయన సంచిక మూసి నా చేతికిచ్చారు.

అక్క జ్ఞాపకార్థం ఇంట్లో ప్రార్థన పెట్టినప్పుడు అమ్మ అందరి ముందూ కళ్లు తుడుచుకుంటూ, "ఆఖరి రోజు పొద్దున కూడా మా అబ్బాయి బొండం తెచ్చి, బతిమాలి తాగించాడండీ. ఏ తమ్ముడు చేస్తాడు?" అంది. వచ్చినవాళ్లు నా భుజం తట్టారు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ మాట అంటూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.