రెండో సగంలో ఓడిపోయిన సీజను

మేస్టారు మా జట్టును ఒక్క సీజనే నడిపారు. ఆ సీజను ఎలా గడిచిందో తేల్చి చెప్పే రిపోర్టు రాసినవాణ్ణి నేను. తోట క్లబ్బుకు సెక్రటరీని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. అంత శుభ్రమైన ఇంగ్లీషు నేను మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. అంత నీచమైన పని కూడా మళ్ళీ చెయ్యలేదనే అనుకుంటున్నాను. ఈ వయసులో అలాంటివి గట్టిగా చెప్పాలంటే నోరు రాదు.

మా రబ్బరు తోట మలయాలో, సుంగై పెటాని ఊరి నుంచి బస్సులో ముప్పావు గంట. నేను ఆఫీసులో చిన్న కిరాణీని, అంటే గుమస్తాని. చుట్టుపక్కల తోటలన్నిట్లోకీ మాది పెద్ద క్లబ్బు. సొంత గ్రౌండు ఉండేది, రేకుల షెడ్డు ఉండేది, ఆఫీసు బీరువాలో వెండి కప్పులు ఉండేవి. ఆటగాళ్ళు తెల్లారకుండా లేచి చెట్లు గీసి, మధ్యాహ్నం రబ్బరు పాలు తూకం వేయించి, సాయంత్రం బూట్లు తొడుక్కునేవాళ్ళు. జట్టు ఓడిన మర్నాడు మాత్రం జనం ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి నన్ను తిట్టిపోసేవారు. గోలు వదిలేసింది నేనైనట్టు!

జట్టు మేనేజరు ఎప్పుడూ తెల్లవాడే. తోటను నడిపే పెద్ద దొర కింద ఒక చిన్న దొర ఉండేవాడు, ఆయనే జట్టునూ చూసుకునేవాడు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోందని ఖాయమయ్యాక ఆ చిన్న దొర పెట్టెలు సర్దుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. అప్పుడు కమిటీ మొదటిసారిగా మనవాణ్ణి పెట్టింది. తోట బడిలో తెలుగు చెప్పే మేస్టారిని. ఆయన జార్జ్ టౌన్‌లో పుట్టి పెరిగి, అక్కడ మంచి జట్టుకు ఆడి, మోకాలు దెబ్బతిని పంతులైన మనిషి. "సొతంత్రం వచ్చే ఏడు మనోడు మేనేజరు లా!" అని, మాట చివర మలాయివాళ్ళ 'లా' తగిలించి, కూలీలుండే లైన్లన్నీ సంబరపడ్డాయి. నేనూ సంబరపడ్డాను. కానీ దొర ఓడితే జట్టు ఓడిందనేవారు, మేస్టారు ఓడితే మాత్రం మనవాళ్ళకి చేతకాదంటారు. ఆ సంగతి మేస్టారికి మొదటి రోజే తెలుసు. అందుకే ఆయన పొగడ్తలకి నవ్వలేదు.

సాధన ఆయన భలే చేయించేవారు. దొర హయాంలో బంతి ఎక్కడుంటే అందరూ అక్కడికి పరుగెత్తేవాళ్ళు. మేస్టారు గ్రౌండులో సున్నంతో గళ్ళు గీసి, ఎవడి గడిలో వాణ్ణి నిలబెట్టారు. కుర్రాళ్ళు మొదట నవ్వుకున్నారు, నెలకల్లా ఒకరి అడుగు ఒకరికి తెలిసిపోయింది. సొంత గ్రౌండులో ఆడిన మ్యాచ్‌లు దాదాపు అన్నీ గెలిచాం. అంత అందంగా మావాళ్ళు ఆడగా అంతకుముందు చూసి ఎరగను.

బయటికి వెళ్తే వచ్చింది తంటా.

అది మలయాలో ఇంగ్లీషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ కాలం. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని తోట లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఇళ్ళకి బియ్యం ఇవ్వడం మానేసి ఉమ్మడి వంటశాలలో వండి వడ్డించేవారు. ఒక్క మెతుకు గేటు దాటకూడదు. గేటు దగ్గర మాతా-మాతాలనే పోలీసులు సైకిలు పంపులు విప్పి చూసేవారు, ఆడవాళ్ళ కొప్పులు విప్పించేవారు. మొదటి బయటి మ్యాచ్‌కి వెళ్తుంటే మా ఫుట్‌బాల్ తాడు ఊడదీయించి, లోపలి బ్లాడరు బయటికి తీయించి చూశారు. దాన్ని మళ్ళీ కట్టి గాలి కొట్టడానికి మేస్టారికి దారంతా పట్టింది.

వంటశాలలో అన్నం రెండింటికి పెట్టేవారు. కర్ఫ్యూ వేళకి తిరిగి రావాలి కాబట్టి మా లారీ ఒంటిగంటన్నరకే బయల్దేరాలి. దారిలో ఆగకూడదు, అది పోలీసుల ఆజ్ఞ. అంటే తెల్లవారుజామున తాగిన గంజితో చెట్లు గీసి, అదే కడుపుతో వెళ్ళి ఆడాలి. దొర ఉన్నప్పుడు ఈ బాధ తెలిసేది కాదు. ఆయన కారు వెనక సీట్లో పెద్ద పెద్ద క్యారియర్లలో అన్నం, చేపల పులుసు వచ్చేవి. గేటు దగ్గర మాతా-మాతా ఆ కారుకి సలాము కొట్టి గడకర్ర ఎత్తేవాడు. మేం దాన్ని దొర మంచితనం అనుకున్నామే గాని, గెలుపులో అదీ ఒక పాలు అని ఎవరికీ తట్టలేదు.

మేస్టారు మొదట పెద్ద కంగాణి దగ్గరికి వెళ్ళారు. తోట కూలీలందరి మీదా పెత్తనం ఆయనదే, వంటశాల ఆయన చేతిలోదే. బయటి మ్యాచ్ ఉన్న రోజు ఆటగాళ్ళకి ఒంటిగంటకే వడ్డించమని అడిగారు. కంగాణి ఒప్పుకోలేదు.

"బంతి తన్నేవోడికి ఒక ఏళ, పాలు మోసేవోడికి ఒక ఏళానా? రేపు అందరూ అడుగుతారు మేస్టరా. కుదరదు లా."

అప్పుడు మేస్టారు నా దగ్గరికి వచ్చారు. బడి నుంచి గాని క్లబ్బు నుంచి గాని ఏ కాగితమైనా ఆఫీసు గుండానే పెద్ద దొర బల్ల మీదికి వెళ్ళాలి.

"తమ్ముడూ, పదిహేను మందికి అన్నం గేటు దాటడానికి చిట్టీ కావాల. పెద్ద దొర సంతకం ఎట్టినాడంటే ఠాణా వోళ్ళు కాదనరు. ఇంగ్లీషులో నువ్వు రాయి. నీ చేత్తో రాస్తే గట్టిగుంటాది."

ఆ మాటకి ఉబ్బిపోయి ఆ పూటే టైపు చేశాను. చక్కటి అర్జీ. కింద సెక్రటరీగా నా పేరు కొట్టాను, సంతకం కూడా పెట్టాను. పెట్టాక దాన్ని చదువుకున్నాను. బియ్యం, కంచె బయటికి, ఆ పక్కన నా పేరు.

ఎమర్జెన్సీ మొదట్లో మా చిన్న మావయ్యని పోలీసులు పట్టుకుపోయారు. అడవివాళ్ళకి బియ్యం ఇచ్చాడని ఎవడో చెప్పాడట. ఇచ్చాడో లేదో మాకు ఈనాటికీ తెలీదు. కొన్నాళ్ళు లోపల ఉంచి, ఎన్నడూ చూడని ఇండియాకి ఓడ ఎక్కించేశారు. ఆ తర్వాత మా ఇంట్లో బియ్యం అన్న మాట కూడా మా అమ్మ తలుపు వేసుకుని అనేది. పైగా ఆ ఏడు నేను పౌరసత్వానికి కాగితాలు పెట్టుకున్నాను. ఠాణాలో నా పేరు వెతుకుతారు. వెతికినవాడికి మావయ్య ఫైలు ఒక చేతిలో, ఈ అర్జీ ఇంకో చేతిలో దొరికితే?

రేపు పెడదామని అర్జీని సొరుగులో పెట్టాను. ఆ రేపు ఎన్నటికీ రాలేదు.

మేస్టారు ప్రతి బయటి మ్యాచ్‌కి ముందు కిటికీ దగ్గరికి వచ్చేవారు.

"చిట్టీ వచ్చినాదా తమ్ముడూ?"

"ఇంకా లేదండీ. ఠాణాలో ఉందట. మరీ తొందర పెడితే ఉన్నదీ చెడుతుంది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! మొదటిసారి చెమటలు పట్టాయి. మూడోసారికి కాగితాల మీంచి తల ఎత్తకుండానే చెప్పేశాను. ఆయన "సరేలే, నువ్వు మాత్రం ఏటి సేస్తావు" అని నన్నే ఓదార్చి వెళ్ళేవారు.

ఒక మ్యాచ్ నేను మర్చిపోలేను. పక్క జిల్లా తోటలో, మండుటెండలో. మొదటి సగంలో రెండు గోల్స్ మావే. హాఫ్ టైములో మేస్టారు తడిగుడ్డలతో కుర్రాళ్ళ మెడలు తుడుస్తున్నారు. ఇవ్వడానికి నీళ్ళు తప్ప ఏమీ లేవు. మా గోల్‌కీపరు ఆ నీళ్ళు తాగి, అక్కడే గడ్డిలో కక్కుకున్నాడు. పసుపు నీళ్ళు తప్ప ఏమీ రాలేదు.

"కడుపులో ఏటీ నేదు మేస్టరా. కాళ్ళు నావి కావు."

"ఇంకా సగం ఆటేరా. నిలబడు సాలు, నిలబడు," అని వాడి వీపు నిమిరారు. రెండో సగంలో మా మీద నాలుగు గోల్స్ పడ్డాయి. నేను లైను బయట నిలబడి స్కోరు పుస్తకంలో ఒక్కొక్కటే ఎక్కించాను. ఆ నిమిషంలో తోటకి వెళ్ళగానే అర్జీ తీసి పెద్ద దొర బల్ల మీద పెట్టాలని ఒట్టు పెట్టుకున్నాను. మర్నాడు ఆఫీసుకి ఇద్దరు పోలీసులు వేరే పని మీద వచ్చారు. వాళ్ళ బూట్ల చప్పుడుకే నా ఒట్టు గాలికి పోయింది.

మెర్డెకా వచ్చింది. ఆఫీసు ముందు కొత్త జెండా ఎగిరింది, రేడియో చుట్టూ మూగి అందరం అరిచాం. అరిచిన గొంతులు సర్దుకోకముందే కమిటీ మా ఆఫీసు గదిలో కూర్చుంది. మేస్టారి మొదటి సీజను మీద నా రిపోర్టు చదవమన్నారు. చదివాను. ఇంట్లో ఆట బాగుంది, బయట రెండో సగంలో జట్టు దమ్ము చాలడం లేదు, సాధన పద్ధతిని మరొకసారి చూసుకోవాలి. ఇదీ సారాంశం. ఒక్క అంకె తప్పు లేదు. ఆకలి అన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు.

పెద్ద కంగాణికి అదే చాలింది. "పలకల మీద గీతలు గీయించినట్టు గ్రౌండు మీద గీయించినాడు. పిల్లల్ని సాధన్లోనే నమిలేసినాడు. ఆట కాడికొచ్చేసరికి పిప్పి మిగిలినాది" అన్నాడు. జనం నవ్వారు.

మేస్టారు లేచారు. "దమ్ము నేక కాదు. అన్నం నేక. అన్నం గేటు దాటడానికి సీజను మొదట్లోనే అర్జీ పెట్టినాం. జవాబు రానేదు."

అప్పుడు మా ఆఫీసు పెద్ద కిరాణీ కళ్ళద్దాలు తీశాడు. పెద్ద దొరకి వెళ్ళే కాగితాలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తాయి. "ఏ అర్జీ మేస్టారూ? నా బల్ల మీదికి అలాటిదేటీ రాలేదే" అన్నాడు, ఏ దురుద్దేశం లేకుండా.

అందరూ మేస్టారి వైపు చూశారు. ఓడిపోయి కట్టుకథ చెబుతున్న మనిషిని చూసినట్టు చూశారు. మేస్టారు నా వైపు చూశారు. ఎక్కువసేపు కాదు. ఆయనకి అంతా తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. నేను నోరు తెరవాల్సిన క్షణం అదే. సొరుగు పది అడుగుల దూరంలో ఉంది. నేను రిపోర్టు మడత పెట్టుకుంటూ కూర్చున్నాను. భయం ఒక్కటే కాదు, సిగ్గు కూడా. ఇన్ని వారాలు ఆయన మొహం మీద అబద్ధమాడానని అందరి ముందూ ఒప్పుకోవడం కంటే చావడం నయమనిపించింది.

"అయితే నేనే మర్సిపోయినాను కామాల," అన్నారు మేస్టారు. అని కూర్చున్నారు.

ఆయన్ని తీసేయడానికి పది నిమిషాలు పట్టలేదు. "మనోళ్ళింకా తయారవ్వనేదు లా, కొన్నాళ్ళు దొరే సూసుకోనీ" అన్నాడు కంగాణి. కొత్త జెండా కిటికీలోంచి కనబడుతూనే ఉంది. ఒక్కరూ కాదనలేదు.

ఆ రోజు నుంచి మేస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే తలాడించేవారు. తమ్ముడూ అనడం మాత్రం మానేశారు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి కాళ్ళు పట్టుకుందామని బడి దాకా రెండుసార్లు వెళ్ళాను. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతుంటే విని, తిరిగి వచ్చేశాను. నా పౌరసత్వం కాగితం ఆ నెలలోనే వచ్చింది. ఠాణాలో నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

మరుసటి సీజనుకి ఇంగ్లండు నుంచి కొత్త చిన్న దొర వచ్చాడు. ఫుట్‌బాల్ గురించి ఆయనకి పెద్దగా తెలీదు, క్రికెట్ ఆడిన మనిషి. జట్టు ఆడిందంతా మేస్టారు నేర్పిన ఆటే. మొదటి బయటి మ్యాచ్ రోజు ఆయన వంటమనిషి అన్నం క్యారియర్లు కారెక్కించాడు, గేటు దగ్గర సలాము పడింది. రెండో సగంలో మూడు గోల్స్ వేసి గెలిచాం.

లారీ తోటకి వచ్చేసరికి బడి ముందు జనం దండలతో నిండిపోయారు. మేస్టారు కూడా వరండా దిగి వచ్చారు. దండలవైపూ దొరవైపూ చూడలేదు. తిన్నగా లారీ దగ్గరికి వచ్చి, దిగుతున్న గోల్‌కీపరు భుజం పట్టుకున్నారు.

"తిన్నావురా?"

"తిన్నాం మేస్టరా. కడుపునిండా."

"మంచిది," అన్నారాయన. నిజంగా సంతోషించారు. ఆ మొహం నా కళ్ళముందే ఉంది.

పెద్ద కంగాణి నా వీపు మీద గట్టిగా చరిచాడు. మేస్టారికి వినబడేలాగే అడిగాడు.

"సూసినావా కిరాణీ, మేనేజరంటే ఇలాగుండాల. మనోడికీ దొరకీ తేడా అదే. నువ్వే రాసినావు గదా రిపోర్టు, నువ్వేటంటావు?"

మేస్టారు గోల్‌కీపరు భుజం మీంచి చెయ్యి తీయకుండా, నేనేమంటానో అని ఆగారు. ఆ రోజు నాకు పోలీసు భయం లేదు. కాగితం వచ్చేసింది, దేశం నాదైపోయింది.

"అవును లా," అన్నాను.