తిన్నింటి వాసాలు, తినని చిప్స్

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పబ్‌లో బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. తొందరపడి ఏమీ అనుకోకండి... హోంవర్క్ చేస్తున్నాను. వయసు తొమ్మిది.

ఎనభైల నాటి మాట. అమెరికాలో, ఇల్లినాయ్‌లో అరోరా దగ్గర ఉండేవాళ్లం. ఒక పాత కట్టడం బొమ్మ గీసి, కప్పుకి వాసాలెన్నో సరిగ్గా రాసుకు రమ్మంది టీచరు. తెల్లారితే ఇవ్వాలి. నాన్నకి ఆ పబ్బే గుర్తొచ్చింది... ఇంగ్లండులో ఏదో పల్లె నుంచి కలపంతా విప్పి, ఓడలో తెచ్చి, మళ్లీ నిలబెట్టారట. పిల్లని బారుకి తీసుకెళ్తారా అని అమ్మ గొణిగింది. పూర్వం బాటసారులు దిగిన సత్రమని నాన్న సర్దిచెప్పారు.

తెల్ల సున్నం గోడల్లో నల్లటి కర్రలు... తల వంచితేగానీ పట్టని ద్వారబంధం... మనిషి కూర్చునేంత పొయ్యి... పైన వాసాలన్నీ బట్టబయలు.

నాన్న చిప్స్ చెప్పారు... ఫ్రెంచ్ ఫ్రైస్‌కి ఇంగ్లండు వాళ్ల పేరు. చిక్కంతా అక్కడే. మా ఇంట్లో భోంచేసి వెళ్లి మా మీదే చాడీలు చెప్పే ఒక అంకుల్‌ని అమ్మ 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం' అనేది. అదేదో ఘోరమైన నేరమని నాకు అర్థమైంది. కాబట్టి లెక్క తేలేదాకా నోట్లో ఏమీ పడకూడదు.

చిప్స్ వచ్చేశాయి. పొగలు... వెనిగర్ ఘాటు... పదిహేడు దగ్గర చూపు జారి పళ్లెంలో పడేది. మళ్లీ ఒకటి నుంచి. లేచాను, కూర్చున్నాను, బల్ల చుట్టూ తిరిగాను...

"తినవే, చల్లారిపోతున్నాయి," అంది అమ్మ.

"నో అమ్మా... తింటే కౌంట్ చేయకూడదు కదా. ఆ అంకుల్ లాగా అయిపోతాను."

ముట్టని పళ్లెం చూసి పబ్ యజమాని, ఒక ముసలాయన, వచ్చి రుచి బాగాలేదా అని అడిగారు. నాన్న నీళ్లు నములుతూ సామెతను ఇంగ్లీషులోకి దించారు. ఆయన నవ్వలేదు. పళ్లెం తీసి దూరంగా పెట్టి, టార్చి తెచ్చి, ఒక్కో వాసం మీదా వెలుగు వేస్తూ నాతోపాటు లెక్కపెట్టారు. చివరి రెండూ అందానికి కొట్టిన చెక్కలేనని, లెక్కలోకి రావని గొంతు తగ్గించి చెప్పారు. ముప్పై నాలుగు. అప్పుడొచ్చాయి, మళ్లీ వేడి చిప్స్.

"ఇంక తిను," అంది అమ్మ. "పైకి మాత్రం చూడకు."

ఇప్పుడు... చెయ్యైనా కడుక్కోకుండా ఫోన్ తీసి, తిన్నచోటికి స్టార్లిచ్చి, లోపాలన్నీ రాసేస్తున్నాం. నేనూ రాస్తాను, సిగ్గు లేకుండా... రాసేటప్పుడు మాత్రం అమ్మ పక్కన లేకుండా చూసుకుంటాను.

మరి మిమ్మల్ని పస్తు పెట్టిన సామెత ఏది...?