గుడ్ల మేడం

"పాపా, గుడ్ల మేడం పోయినారంట."

శ్రీకాకుళం చేపల బజారు నుంచి అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. వెనకాల బేరాల కేకలు వినిపిస్తున్నాయి. నేను అప్పుడే పరిశోధనశాలకి వచ్చి తెల్లకోటు తొడుక్కుంటున్నాను.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఆ ఈదిలో పాలు పోసే ఆవిడ. నిద్దట్లోనే ఎల్లిపోనారంట. నేను సరుకు ఇక్కడే ఒగ్గేసి ఎల్తన్నాను. నువ్వు బయల్దేరు."

అమ్మ బేరం మధ్యలో సరుకు వదిలి లేవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మేడం నాకు గురువు. ఆవిడ ఉండే వీధిలో వాళ్ళకి మాత్రం గుడ్ల మేడం. ఆ పేరు విని ఒకాయన స్కూటరు ఆపి, "మేడం, ట్రే ఎంత?" అని అడిగాడట. "అమ్మను నాయనా, చూస్తాను" అన్నారట ఆవిడ. ఈ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పారో! ప్రతిసారీ చివరి మాట రాకముందే తనే నవ్వేసేవారు.

ఆవిడ గుడ్డులో చూసేది రక్తనాళాలని. అవి ఎలా మొలుస్తాయి, ఎలా కొమ్మలు వేస్తాయి, మనం తినే కొవ్వులూ నూనెలూ ఆ పెరుగుదలని ఎలా మారుస్తాయి అన్నది ఆవిడ జీవితకాలపు పని. ఉద్యోగమంతా పెద్ద నగరాల్లో చేసి, రిటైరయ్యాక శ్రీకాకుళం వచ్చారు. మా కాలేజీలో పాత బల్లలు పడేసే గది ఒకటి అడిగి తీసుకుని, గుడ్లు పొదిగే కరెంటు పెట్టె ఒకటి తెచ్చి పెట్టుకున్నారు. వారానికి నాలుగు రోజులు మాకు పాఠం చెప్పేవారు. మిగతా సమయమంతా ఆ గదిలోనే.

మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనే మొదట. నాన్న సముద్రం మీదికి వెళ్తాడు, అమ్మ అమ్ముతుంది. కాలేజీలో మొదటి పరీక్షలో నేను రక్తనాళాలు అని రాయాల్సిన చోటల్లా నరాలు అని రాశాను. ఆవిడ పైకి చదువుతుంటే క్లాసంతా నవ్వింది.

"నవ్వకండర్రా," అన్నారు ఆవిడ. "మన వైపు నెత్తురు నడిచేదీ నరమే, నొప్పి మోసేదీ నరమే, కాలు బెణికితే పట్టేసేదీ నరమే. మూడు ఉద్యోగాలు ఒక్కటే చేస్తోంది పాపం." తర్వాత నా వైపు చూసి, "నువ్వు నెత్తురు నరం అని రాయి. నాకు అర్థమవుతుంది" అన్నారు. మార్కులు కూడా వేశారు.

ఆ వారమే ఆవిడ గదిలో పనికి చేరాను. దుకాణంలో అమ్మే గుడ్లు మాకు పనికిరావు, వాటిలో పిల్ల ఎదగదు. పుంజు తిరిగే పెరట్లో పెట్టిన గుడ్లు కావాలి. ఆవిడ పుట్టింది చీపురుపల్లి దగ్గర వ్యవసాయం చేసే ఇంట్లో. అక్కడి పెరళ్ళన్నీ ఆవిడకి తెలుసు. ఇద్దరం వెళ్ళి గుడ్లు ఏరుకుని బస్సులో వచ్చేవాళ్ళం, ట్రే ఆవిడ ఒళ్ళో. గతుకు వచ్చినప్పుడల్లా ట్రేతో పాటు ఆవిడా పైకి లేచేవారు.

"ఏటమ్మా, బస్సులోనే పిల్లలు దిగిపోతాయేటి?" అన్నాడు ఒకసారి కండక్టరు.

"దిగితే హాఫ్ టికెట్ కొట్టు నాయనా."

పొదుగుతున్న గుడ్డు పెంకు మీద గోరంత కిటికీ కోసి, టేపు అంటించి, మళ్ళీ పెట్టెలో పెట్టేవాళ్ళం. కొన్నాళ్ళకి టేపు తీసి దీపం కింద చూస్తే సన్నటి ఎర్రటి దారాలు. ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ పొర నిండా పాకి ఉండేవి. మధ్యలో ఆవగింజంత గుండె కొట్టుకుంటూ ఉండేది. ఎన్ని వేల గుడ్లు చూసిన మనిషో, ప్రతి గుడ్డు దగ్గరా ఊపిరి బిగపట్టేవారు. గుండె కనబడగానే "ఉన్నాది!" అని అరిచేవారు. మామూలుగా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడే మనిషికి ఆ ఒక్క క్షణంలో ఊరి మాట బయటికి వచ్చేసేది.

చివరి ఏడాది ఆవిడ నాకు సొంతంగా ఒక పని అప్పజెప్పారు. కొన్ని గుడ్లలో చేపనూనె కొవ్వు, కొన్నిటిలో వంటనూనె కొవ్వు, కొన్నిటిలో ఉత్త ఉప్పునీళ్ళు ఒక్కో చుక్క వేయాలి. ఏ గుడ్డులో ఏది వేశానో చీటీ అంటించాలి. తర్వాత కొమ్మలు లెక్కపెట్టాలి. అది బాగా చేస్తే పరిశోధన సీటుకి ఉత్తరం రాసిస్తానన్నారు. ఆ ఉత్తరం లేకపోతే నేను వెళ్ళేది అమ్మ పక్కన బజారుకే.

లెక్కపెట్టాను. చేపనూనె వేసిన గుడ్లలో కొమ్మలు తక్కువగా ఉన్నాయి.

నాకు నమ్మకం కలగలేదు. "తీసుకెళ్ళండమ్మా, బాలింతకి పెట్టండి, రక్తం పడతాది!" అని అమ్మ అరిచే అరుపు వింటూ పెరిగినదాన్ని. చేప తింటే రక్తం పట్టాలి కదా, మరి నరాలు తగ్గడమేమిటి? చీటీలు నేనే తారుమారుగా అంటించి ఉంటాననుకున్నాను. మార్చేశాను. మార్చి, నోటు పుస్తకంలో చక్కగా రాసేశాను.

ఆవిడ ఆ పేజీ చాలాసేపు చూశారు. "నాకు ఎప్పుడూ దీనికి తలకిందులుగా వచ్చేది," అన్నారు నెమ్మదిగా. "నీవి కొత్త కళ్ళు. ఇన్నేళ్ళూ నేనే సరిగ్గా చూడలేదేమో." ఆ రోజే తన పాత పుస్తకాలు దించి మొదటి నుంచీ తిరగేయడం మొదలుపెట్టారు.

రెండు రోజులు ఆవిడ వంచిన తల చూస్తూ తిరిగాను. చెబితే ఉత్తరం పోతుంది. చెప్పకపోతే ఆవిడ తన పని మీద తనే నమ్మకం పోగొట్టుకుంటారు. మూడో రోజు వెళ్ళి చెప్పేశాను.

"తారుమారయ్యాయని చూశావా, అనుకున్నావా?"

"అనుకున్నాను మేడం."

"అనుకున్నదాన్ని చూసినట్టు రాశావు." అంతకంటే పెద్ద మాట అనలేదు. పేజీ చింపబోతే చెయ్యి పట్టుకున్నారు. "చింపకు. ఒక్క గీత కొట్టు. కింద జరిగింది జరిగినట్టు రాయి. ఇకమీదట ఏ గుడ్డులో ఏముందో నీకు తెలియకూడదు. వేరే మనిషి కావాలి. మీ అమ్మని పిలుచుకురా."

అమ్మ తలస్నానం చేసి, పెళ్ళికి కట్టే చీర కట్టుకుని వచ్చింది. నన్ను బయటికి పంపేసి, ఏ వరసకి ఏ సీసా చుక్క వేయాలో అమ్మనే తేల్చుకోమన్నారు. అమ్మకి చదువు రాదు. పెంకుల మీద బొగ్గుతో గీతలూ చుక్కలూ పెట్టి తన గుర్తులు తనే పెట్టుకుంది. సీసాల మీద ఏమీ రాసి లేకపోయినా చేపనూనె ఏదో మూత తియ్యగానే పట్టేసిందట.

ఇంటికొచ్చాక నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. "చుక్క గుర్తు పెట్టినవి ఏవో చెప్పమ్మా, ఒక్కటి చెప్పు!"

"ఒసే, సేప ఎక్కడ పడతన్నాదో మీ నాన్న పక్క పడవోడికి సెప్తాడేటి? నన్నడక్కు."

గుట్టు విప్పే రోజు వరకూ ఆ మాట అమ్మ నోటి నుంచి రాలేదు. నేను లెక్కలు రాసిచ్చాక, అమ్మ ఒక్కో వరస చూపించి ఏది ఏదో చెప్పింది. మళ్ళీ అదే. చేపనూనె వరసలోనే కొమ్మలు తక్కువ. మేడం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది. "అయితే నా సేపలు నెత్తుర్ని ఆపేస్తాయేటి మేడంగోరూ?"

"లేదమ్మా. రక్తం పట్టడం వేరు, కొత్త నరం మొలవడం వేరు. పుండు మానాలంటే నరం మొలవాలి. ఒంట్లో చెడ్డ గడ్డ లేచిందనుకో, అదీ నరాల్ని తన వైపు లాక్కుని బలుస్తుంది. అక్కడ మొలవకపోతేనే మంచిది. ఇది గుడ్డులో చూసిన మాట, మనిషి సంగతి ఇంకా చూడాలి."

"మరి రేపు బజార్లో ఏటని అరవను?"

"తాజా చేప అని అరువు. అది నువ్వు చూసిన నిజం."

"అది నిజిమే" అంది అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఉత్తరం రాసిచ్చారు. ఒక్క షరతు పెట్టారు: ఇంటర్వ్యూలో నోటు పుస్తకం అడిగితే గీత కొట్టిన పేజీయే మొదట చూపించాలి. చూపించాను. బల్లకి అవతల ముగ్గురూ వంగి చదివారు. తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ ఆ పేజీ మీదే. ఎందుకు మార్చావు, ఎందుకు చెప్పావు, అమ్మ గుర్తులు ఎలా ఉండేవి. చివరి ప్రశ్నకి వాళ్ళూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగేసరికి ప్లాట్‌ఫాం బెంచీ మీద అమ్మా మేడమూ కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. అమ్మ బజారు నుంచి నేరుగా వచ్చేసినట్టుంది.

"పేజీ చూపించావా?" అన్నారు మేడం.

"చూపించాను మేడం. మొదట అదే."

ఆవిడ ముఖమంతా విచ్చుకుంది. ఇంకేమీ అడగలేదు, తెలుసుకోవాల్సింది తెలిసిపోయినట్టు లేచి పొట్టు దులుపుకున్నారు. అమ్మే ఆగలేకపోయింది. "సీటొచ్చినాదా, నేదా? అది సెప్పవేటే!"

"వచ్చిందమ్మా."

అమ్మ ఏడ్చింది, నవ్వింది, నా వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత ఖాళీ గంప ఎత్తుకోబోతే మేడం ఒక అంచు పట్టుకున్నారు.

"వాసనండీ మేడంగోరూ!"

"రానీ."

చెరో వైపు పట్టుకుని, ఆటోకి ఎంతివ్వాలో వాదించుకుంటూ వాళ్ళిద్దరూ నా ముందు నడుస్తున్నారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. గంప పక్కకి వాలిపోయి, అడుగడుక్కీ ఊగుతోంది.