ఖాళీ సాకెట్, నా అనుమానం

ఈమధ్య ఆఫీసులో దొంగను పట్టుకున్నానండీ! పట్టుకున్నాక ఏమైందో చెప్తాను. ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టండి, పొలమారుతుంది.

కిరండుల్‌లో మా ఇనుప గని సర్వే సెక్షన్‌కి కొత్త కంప్యూటర్ వచ్చింది కదా. ఎర్రదుమ్ము లోపలికి పోయి ఫ్యాన్ గుర్రుమంటోందని మూత విప్పాను. మెయిన్ ప్రాసెసర్ పక్కనే, అచ్చం అదే సైజులో ఇంకో సాకెట్. ఖాళీ! ఎవడో చిప్ పీక్కుపోయాడు!

ఎవడేంటి, నా పక్క సీటు మూర్తే! ముందురోజు స్క్రూడ్రైవర్ పట్టుకుని అక్కడ తచ్చాడింది అతనే. పైగా పొద్దున నేను రాగానే సొరుగు టక్కున మూసేశాడు.

"ఏంటోయ్ దాస్తున్నావ్?"

"ఏం లేదే," అని నవ్వాడు. అచ్చమైన దొంగనవ్వు!

అతను క్యాంటీన్‌కి వెళ్లగానే సొరుగు లాగాను. స్పాంజి ముక్కకి గుచ్చి నల్లటి చిప్! ఆ ఖాళీకి సరిగ్గా సరిపోయేదే. గేటు దగ్గర సెక్యూరిటీ సోమయ్యను కేకేశాను. కిష్టారం ఊరి మనిషి, పరుగున వచ్చాడు.

"చోరీ మాల్ దొరికింది సోమయ్యా! నువ్వే గవాహ్, సాక్షివి!" అని, అతని ఎదురుగానే చిప్‌ని సాకెట్‌లో నొక్కి స్విచ్ వేశాను.

"సార్, ఏందో మాడు వాసనొస్తుంది..."

వాసనేంటి, పొగే! గబుక్కున స్విచ్ ఆపేశాను. అప్పుడే మూర్తి వచ్చాడు.

"అయ్యో, తిరగేసి పెట్టావు కదయ్యా! నిన్నెవరు పెట్టమన్నారు?"

"దొంగిలించింది నువ్వు, నన్నంటావేం?"

"దొంగిలించడమా? ఆ సాకెట్ ఖాళీగానే వచ్చింది! ఇది లెక్కల చిప్. మెయిన్ ప్రాసెసర్‌కి ఆనుకుని కూర్చుని, కష్టమైన లెక్కలన్నీ ఇదే చేసిపెడుతుంది. నిన్న విశాఖ రైల్లో వచ్చింది. చోటుందో లేదో చూద్దామని మూత తీశాను. రేపు ఇంజనీర్ వచ్చి బిగించాలి."

నేను మాత్రం ఊరుకుంటానా? "మరి సొరుగెందుకు మూశావ్?"

"నువ్వు చూస్తే కెలుకుతావని!"

సోమయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ చోర్ ఎవరు సార్? నేను ఎవర్ని పట్టుకోవాలె?"

కంప్యూటర్ బతికింది. చిప్ పోయింది. మా ఆఫీసరు తిట్టిన తిట్లు మీకు చెప్పను. మొన్న ఇంకో చిప్ వచ్చింది. ఇంజనీర్ బిగిస్తున్నంతసేపూ సోమయ్యను కాపలా పెట్టారు. కంప్యూటర్‌కి కాదండీ, నాకు!