పోస్టర్ మీద వెయ్యని పేరు: మా నారాయణ మామ

నిన్న మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. నారాయణ మామ పోయాడంది. గుండెపోటు.

నమ్మలేదు. పొద్దున్నే నాకు వాయిస్ మెసేజ్ పెట్టిన మనిషి.

హిందూపురం నుంచి నేను ధర్మవరం చేరేలోపే మా ప్రాజెక్ట్ గైడ్ సార్ పోస్ట్ పెట్టేశారు. "మా డిపార్ట్‌మెంట్ ఆత్మీయుడు" అట. కింద మా ప్రాజెక్ట్ పోస్టర్ ఫొటో.

ఆ పోస్టర్ సంగతి నేను చెప్తాను సార్.

మామ మా అమ్మకు తమ్ముడు. పట్టుచీరలకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీసేవాడు. పదో తరగతి ఫెయిల్.

నాది ఎమ్మెస్సీ, నానోటెక్నాలజీ ప్రాజెక్ట్. కంటికి కనపడనంత చిన్న గోళాలను గాజు మీద వరసగా పేరిస్తే, ఏ రంగూ వెయ్యకుండానే నెమలి ఈకలా మెరుస్తాయి.

నా శాంపిల్ సగమే మెరిసింది. ఎందుకని అడిగితే సార్ మళ్ళీ చెయ్యమన్నారు. ఆరుసార్లు చేశాను.

ఒక ఆదివారం మైక్రోస్కోప్ ఫొటో ప్రింట్ తీసుకెళ్ళి మామకు చూపించాను. రంగు లేకుండా రంగెలా వస్తుందని అడిగాడు. అమరికను బట్టి వస్తుందని చెప్పాను. కాసేపు చూసి, పెన్సిల్ తీసుకుని దాని మీదే గీతలు గీశాడు.

"ఈడ ఒక వరస పక్కకు జరిగింది చూడు పాపా. ఆడ్నుంచి అంతా చెడింది."

మూడు వారాలు నేను చూస్తూనే ఉన్న ఫొటో అది!

గోళాలు కలిపిన నీళ్ళు తొందరగా ఆరిపోతే వరస అలా జరుగుతుంది. ఈసారి నెమ్మదిగా ఆరబెట్టాను. గాజు మొత్తం మెరిసింది.

ఇంటర్‌లో సైన్స్ కోసం బొమ్మలు గీయడం మానేశాను. రెండింటికీ కావాల్సింది ఒకే చూపని ఆ రోజు తెలిసింది.

పోస్టర్ కోసం ఆ వరసలను మామే పెద్దగా గీసిచ్చాడు. దాని కింద సార్ తన పేరు వేసుకున్నారు. మామ పేరు కూడా వెయ్యమంటే, చీరల డిజైనర్ పేరు చూస్తే నవ్వుతారన్నారు.

మార్కుల భయంతో నోరు మూసుకున్నాను. అది నా తప్పు.

మా కాలేజీలో ఆ పోస్టర్ పెట్టిన ఎగ్జిబిషన్ చూసి ఇంటికి తిరిగొస్తుంటే, పెనుకొండ దాటాక బస్సులో మామ అడిగాడు.

"నా పేరు యాడేసినారు పాపా? కనపడల్యా."

వచ్చే ప్రింట్‌లో వేస్తారని అబద్ధం చెప్పాను. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

రాత్రి సార్ పోస్ట్ కింద ఇదంతా రాశాను. డిలీట్ చేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మామ పెన్సిల్ గీతలున్న ఆ మైక్రోస్కోప్ ప్రింట్‌ను ఫొటో తీసి పొద్దున ప్రిన్సిపాల్‌కు మెయిల్ చేశాను. నా వైవా ఇంకా ఉంది. మార్కులు పోతే పోనీ.

ఆ పోస్ట్ కింద దండాలు పెట్టినవాళ్ళు నన్ను ఓదార్చడానికి రావద్దు.

వెళ్ళిరా మామా. నిన్నెవరూ తక్కువ చెయ్యని చోట హాయిగా ఉండు.